కరెంటు లేని చోట ఫ్రిజ్: మా ట్రైలర్ అనుభవం

మేం ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్లే చిన్న ట్రైలర్ (లోపల పడుకునే వీలున్న బండి) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం, దానితో పాటు గ్యాస్ మీదా కరెంటు మీదా నడిచే ఫ్రిజ్ వచ్చింది. హుకప్ (బండికి కరెంటు, నీళ్ల కనెక్షన్) ఉన్న క్యాంప్‌గ్రౌండుల్లో దానితో పేచీ లేదు. మాకు నచ్చేవేమో గ్రాండ్ క్యానియన్ దగ్గరి కైబాబ్ అడవి, యూటాలో మోయాబ్ చుట్టుపక్కల ప్రభుత్వ భూములు. అక్కడ ప్లగ్గూ ఉండదు, పంపూ ఉండదు.

గ్యాస్ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. మంట వేడికి అమ్మోనియా ఆవిరై, చల్లబడి, గొట్టాల్లో దానంతటదే తిరగాలి. బ్యాటరీని పెద్దగా వాడదు, చప్పుడు చెయ్యదు. కానీ బండి సమంగా నిలబడాలి. అడవి దారి పక్కన చక్రాల కింద చెక్కలు పెట్టడం, లెవెల్ చూడటం, మళ్లీ ముందుకీ వెనక్కీ జరపడం... పిల్లలు ఆకలంటుంటే అదో తతంగం. పైగా ఎండ మండే రోజుల్లో లోపల చల్లదనం నిలవదు. దోసెల పిండి పొంగి మూత లేపేసేది, పొద్దున్న కమ్మగా ఉన్న పెరుగు సాయంత్రానికి పులిసేది.

అందుకని 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌ల వైపు చూశాం. అమ్మేవాళ్లు లీటర్ల గురించి చెప్తారు. మనం అడగాల్సింది రోజుకి ఎన్ని ఆంపియర్-అవర్లు (లాగే ఆంపియర్లు × నడిచే గంటలు) తీసుకుంటుందని. పెట్టెలా పైకి తెరుచుకునే 50 లీటర్ల రకం తీసుకున్నాం. నిలువు ఫ్రిజ్ తలుపు తియ్యగానే చల్లగాలి కిందికి జారిపోతుంది, ఇందులో అడుగునే ఉంటుంది. (కింద పడిన కొత్తిమీర కట్ట కోసం పైవన్నీ తియ్యాలి, అది వేరే గొడవ.) నడిచేటప్పుడు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. వేసవిలో గంటకి 25 నిమిషాలు నడుస్తుందనుకుంటే రోజుకి 45 ఆంపియర్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీ మీద 100 ఆంపియర్-అవర్లు అని రాసి ఉన్నా సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది, అంటే ఒక్క రోజుకే సరి. అదే 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఒక రకం లిథియం బ్యాటరీ) అయితే రెండు రోజులు వస్తుంది, బరువూ సగం కన్నా తక్కువే. చార్జర్‌ని కూడా లిథియంకి సరిపోయేది మార్చాం.

అంతా బిగించాక మొదలైంది టెన్షన్. బ్యాటరీ నిండుగా ఉంది, ఫ్రిజ్ మాత్రం వోల్టేజీ చాలట్లేదని ఆగిపోతోంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు. కంప్రెసర్ తిరుగుతుండగా ఫ్రిజ్ దగ్గర 10.9! ట్రైలర్‌లో ముందు నుంచీ ఉన్న లైటర్ సాకెట్ వదులుగా ఉంది, దానికి వచ్చే తీగ విప్పి చూస్తే సేమ్యా అంత సన్నం. ఫ్రిజ్‌లో కటాఫ్ (ఎంత వోల్టేజీకి ఆగిపోవాలో చెప్పే సెట్టింగ్) తగ్గించేస్తే సరిపోతుందని ఒకాయన సలహా ఇచ్చారు. అది జ్వరం ఉండగా థర్మామీటర్ దాచడం లాంటిదనిపించి వినలేదు. బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి 10 గేజ్ తీగ లాగి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, సాకెట్ తీసేసి గట్టిగా పట్టే కనెక్టర్ వేశాను. ఫ్రిజ్ దగ్గర రీడింగ్ 12.9 వచ్చింది, మళ్లీ ఆగలేదు.

సోలార్‌కి 200 వాట్ల మడత ప్యానెల్. ఎండ బాగుంటే రోజుకి 50 ఆంపియర్-అవర్లు పైనే ఇస్తుంది. కప్పు మీద బిగించుకోమన్నారు చాలామంది. కానీ పాండరోసా పైన్ చెట్ల నీడలో బండి పెడితే ఫ్రిజ్‌కి సుఖం, కప్పు మీది ప్యానెల్‌కి కష్టం. మడతదైతే పొడుగు తీగతో ఎండలో పరుచుకోవచ్చు. సూర్యుడి వైపు తిప్పే డ్యూటీ మా చిన్నాడిది. ట్రక్కు నడిచేటప్పుడు దాని కరెంటుతో డీసీ-డీసీ చార్జర్ కూడా ట్రైలర్ బ్యాటరీ నింపుతుంది. బయల్దేరే ముందు రాత్రే ఫ్రిజ్‌ని ఇంటి ప్లగ్గుకి పెట్టి చల్లబరిచి, గడ్డకట్టించిన సాంబారు డబ్బాలు సర్దుతాం.

చలికాలం ఫ్లాగ్‌స్టాఫ్ వైపు వెళ్తే ఇంకో లెక్క. బ్యాటరీ 0 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే లిథియంని చార్జ్ చెయ్యకూడదు. అందుకే దాన్ని బయటి పెట్టెలోంచి తీసి లోపల మంచం కిందికి మార్చాం.