ఎకరంలో 4840 గజాలు ఉండవు

నిద్ర పట్టేలా లేదు. కారణం పెద్దదేం కాదు, మా తమ్ముడే. మా బుజ్జమ్మ రియల్ ఎస్టేట్ ఎంబీఏ చదువుతానంటోంది, అది వాడికి నచ్చలేదు. రాత్రి భోజనాల దగ్గర, చేపల పులుసు రెండోసారి వడ్డించుకుంటూ, "ఏటప్పా, జాగాలమ్మడానికి కూడా యూనివర్సిటీకెల్లాలేటి? బస్సు కాంప్లెక్స్ కాడ టీ కొట్టులో కూకుంటే రాదేటి ఆ ఇద్య?" అన్నాడు. బుజ్జమ్మ ముఖం చిన్నబోయింది. పులుసు మాత్రం ఈసారి బాగా కుదిరింది.

ఆ మాటకైతే సర్దుకుపోయేదాన్నే. ఆ వెంటనే ఫోన్లో భోగాపురం వైపు వెంచర్ బ్రోచర్ ఒకటి తీసి, "ఎకరం కోటీ ఇరవై లక్షలు. ఎకరాకి 4840 గజాలు, దాంతో భాగించు. గజం రెండున్నర వేలు. అమ్మేది పదివేలకి. ఇంకా దీనికి డిగ్రీ ఎందుకు?" అని పిల్ల ముందు గెలిచినట్టు నవ్వాడు చూడండి, అక్కడ కాలింది.

ఎకరం కొంటే 4840 గజాలే వస్తాయి, ఎవరు కాదన్నారు? లేఅవుట్ వేశాక అమ్మడానికి మిగిలేవి అన్ని ఉండవు. పదిశాతం ఖాళీ స్థలం కింద వదలాలి. రోడ్లు, డ్రైన్లు తినేది దగ్గరదగ్గర 30 శాతం. భూమి వంకరటింకరగా ఉంటే, మధ్యలో గెడ్డ (వాగు) పోతుంటే ఇంకా ఎక్కువ. చేతికొచ్చేది 55 నుంచి 60 శాతం. అంటే సుమారు 2800 గజాలు. కోటీ ఇరవైని దీంతో భాగించాలి. అప్పుడు గజం భూమి ఖర్చే దాదాపు 4,300.

అక్కడితో అయిందా? రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం. పూర్తి ధర కాగితం మీద పెట్టారనే అనుకుందాం (నవ్వకండి). తొమ్మిది లక్షలు. రోడ్లు, కరెంటు స్తంభాలు, నీళ్ళ ట్యాంకు, పార్కు, ప్రహరీ కలిపి ఎకరానికి 45 లక్షలు అనుకోండి. కోటీ డెబ్బై నాలుగు అయింది. ఇప్పుడు వడ్డీ. రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. భూమి డబ్బు మీద రెండేళ్ళకి 46 లక్షలు. పనుల డబ్బు ఒక్కసారే పెట్టరు కాబట్టి దాని మీద సగం వేసుకున్నా ఇంకో ఎనిమిది లక్షలు. ఏజెంట్లకి ఐదు శాతం, అది 14 లక్షలు. మొత్తం ఖర్చు రెండు కోట్ల 42 లక్షలు. రాబడి 2800 గజాలు పదివేల చొప్పున రెండు కోట్ల 80 లక్షలు. మిగిలింది 38 లక్షలు.

మా వాడి లెక్కలో లాభం మూడున్నర కోట్లు పైన!

ఇంతా చేసి, ప్లాట్లు అమ్ముడవడం ఇంకో ఏడాది ఆలస్యమైతే కోటీ డెబ్బై నాలుగు మీద వడ్డీ 31 లక్షలు. ఆ 38లో ఏడు మిగులుతాయి. అందుకే వెంచర్లు మధ్యలో ఆగిపోతాయి. మోసం చేద్దామని మొదలెట్టినవాళ్ళు కొందరుంటారు గానీ, వడ్డీ లెక్క తెలియక మునిగినవాళ్ళు ఎక్కువ. కోర్సులో దీన్ని రెసిడ్యువల్ మెథడ్ అంటారు. లెక్క తిరగేసి చేస్తారు. ముందు అమ్మకం ధర వేసుకుని, అందులోంచి పనులు, వడ్డీ, కమిషన్లు, లాభం తీసేస్తే, భూమికి ఎంతవరకు పెట్టొచ్చో తేలుతుంది. మనవాళ్ళు రైతు చెప్పిన ధర దగ్గర మొదలెట్టి పైకి ఎక్కుతారు. అమ్మకం ధర పదిశాతం తగ్గితే 28 లక్షలు పోతాయని ఎవరూ ముందు వేసి చూడరు.

ఆ బ్రోచర్ సంగతి ఇంకా చెప్పలేదు. "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు" అట. ఎక్కడి నుంచి, ఏ బండి మీద? "అప్రూవల్ త్వరలో" అట. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కి రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. అమ్మకం ఒప్పందం రాసి రిజిస్టర్ చెయ్యకుండా పదిశాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొన్నవాళ్ళ దగ్గర వసూలైన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికీ పనికీ మాత్రమే తియ్యాలి. ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. పైగా పనులు పూర్తిచేసేవరకు హామీగా కొన్ని ప్లాట్లు అప్రూవల్ ఇచ్చినవాళ్ళకి తనఖాలో ఉంటాయి. అవేవో నంబర్లతో సహా ప్లాన్‌లోనే ఉంటుంది. తక్కువకి వస్తోందని జనం కొనేవి సరిగ్గా అవే. మా వాడు ఆ బ్రోచర్ని ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాడు. దానికి నాలుగు దండాలు వచ్చాయి, ఒక్కరూ రెరా నంబరు అడగలేదు.

సరే. రాస్తుంటే మా కరణంగారి భూమి కొలిచే గొలుసు గుర్తొచ్చింది. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక కూడా ఆయన సావిట్లో మేకుకి వేలాడుతుండేది. గంటర్ గొలుసు. 66 అడుగులు, వంద లింకులు. లింకంటే 7.92 అంగుళాలు. చూట్టానికి తుప్పుపట్టిన ఇనప కడ్డీల కుప్ప. చేత్తో పట్టుకుంటే తెలిసేది దాని తెలివి. ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ళ. పది దగ్గర దానికి ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్పై దగ్గర మూడు, నలభై దగ్గర నాలుగు. యాభై దగ్గర గుండ్రటి బిళ్ళ. అక్కణ్నుంచి మళ్ళీ నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఏ చివర పట్టుకున్నా కొలవొచ్చని అలా పెట్టారు. తప్పులూ అక్కడే. నాలుగు పళ్ళు చూసి నలభై అని కేక వేస్తే అది అరవై కావచ్చు. గుండ్రటి బిళ్ళ దాటామా లేదా అని చూసి చెప్పమనేవారు ఆయన.

రింగులు అరిగితే గొలుసు సాగుతుంది. వంద లింకుల గొలుసు 101 అయిందనుకోండి, కొలత తక్కువ చూపిస్తుంది. పొడవులో వందకి ఒకటే కదా అనుకుంటాం. విస్తీర్ణానికి వచ్చేసరికి అది రెండవుతుంది. కాగితం మీద ఎకరం, నేల మీద ఎకరా రెండు సెంట్లు. రెండు సెంట్లంటే 97 గజాలు. ఇప్పుడు ఊరి చివర దానితో ఒక ఇల్లు లేస్తుంది. గొలుసు వదులుగా పట్టుకున్నా, సాలూరు వైపు వాలు నేలల్లో వాలు వెంబడే పరిచినా తప్పు దీనికి ఎదురు వస్తుంది, పొడవు ఎక్కువ పడుతుంది. వాలులో గొలుసు ముక్కముక్కలుగా, అడ్డంగా సమంగా పట్టి మెట్లు దిగినట్టు దిగాలి.

ఇక ఆయన ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చదవడం. పొలం మూల నుంచి మూలకి ఒక పొడుగాటి గీత, దాన్నుంచి అటూ ఇటూ వంపులకి నిటారు గీతలు. పొలమంతా త్రిభుజాలు, నాలుగు పలకల ముక్కలు అయిపోతుంది. ఒక్కోదాని వైశాల్యం చదరపు లింకుల్లో కట్టి కూడాలి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అందుకని మొత్తం 2,45,600 వస్తే చివరి మూడంకెలు విడదీస్తే చాలు, రెండెకరాల నలభై అయిదున్నర సెంట్లు చిల్లర. కాగితం, పెన్సిలు, అంతే. పాత ఎఫ్ఎంబీల్లో అంకెలు లింకుల్లో ఉంటాయి. అది తెలియక అడుగులనుకుని సరిహద్దు రాళ్ళు పాతిస్తే, 66 ఉండాల్సిన చోట 100 కొలుస్తారు. పక్క రైతు కర్ర పట్టుకుని వస్తాడు. రాడా మరి?

ఇక్కడే, చదువు కావాలన్న నా వాదన నాకే అడ్డం తిరిగింది. బుజ్జమ్మ తెచ్చిన సిలబస్‌లో ఇవేవీ లేవు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేతో చాలా ఊళ్ళలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. లింకు డాక్యుమెంట్లలో (ఆ భూమి పాత అమ్మకాల కాగితాల్లో) పాత నంబరు, కొత్త 1బీ హక్కుల రికార్డులో ఎల్పీఎం. రెండూ ఒకే భూమి అని కాగితంతో కలపగలగాలి. మనది జమీందారీ ప్రాంతం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్‌లో (ఏ భూమి ఏ రకమో రాసిన మూల రికార్డులో) ఏమని రాశారు, జిరాయితీయా (రైతు సొంత సాగుభూమి), ఇనామా, గయాళా (బంజరు), చెరువు పోరంబోకా? అక్కడ పడిన మాట ఇప్పటికీ భూమిని వదలదు. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) అయితే 1977 చట్టం, నిషేధిత జాబితా అయితే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ, సీతంపేట ఏజెన్సీ అయితే 1970 నాటి ఒకటి బై డెబ్బై నిబంధన. గిరిజనేతరులకి అసలు అమ్మకమే చెల్లదు, ఎంత మంచి కాగితం మీద రాసినా.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటి చూసి కొనేస్తారు జనం. అందులో రిజిస్టర్ అయినవే ఉంటాయి. రిజిస్టర్ చెయ్యని వీలునామా, నోటిమాట పంపకం, కోర్టులో నడుస్తున్న దావా, లోపల ఉంటున్న కౌలుదారు దాంట్లో కనబడరు. అన్నిటికన్నా తరచుగా దొరికే లొసుగు ఆడపిల్లల సంతకాలు లేకపోవడం. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో హక్కుంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అన్నదమ్ములు మాత్రమే సంతకం పెట్టిన పంపకం కాగితం లింకు డాక్యుమెంట్లలో కనబడితే అక్కడే ఆగాలి. (మా తమ్ముడు ఈ పేరా చదవకపోతేనే మంచిది.)

సిలబస్‌లో ఉన్నదేంటి? క్యాప్ రేట్. ఏడాది అద్దెలో ఖర్చులు తీసేసి, ఆస్తి మీద ఆశించే రాబడి శాతంతో భాగిస్తే ఆస్తి విలువ. విజయనగరంలో 60 లక్షల ఇంటికి నెలకి పదివేలు అద్దె వస్తే గొప్ప. పన్ను, రిపేర్లు పోగా ఏడాదికి లక్ష. ఎనిమిది శాతంతో భాగిస్తే ఇంటి విలువ పన్నెండున్నర లక్షలు! ఈ మాట ఇంటాయన ముందంటే కాఫీ కూడా ఇవ్వడు. పోనీ చుట్టుపక్కల అమ్మకాలతో పోల్చి చూద్దామా అంటే, డాక్యుమెంట్లలో ఉన్నది గవర్నమెంటు వేల్యూ, చేతులు మారింది వేరే. తప్పుడు అంకెలు ఎంత బాగా సరాసరి కట్టినా తప్పుడు సరాసరే. తమ్ముడి టీ కొట్టులో దొరికేది ఆ అసలు అంకె, అది ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి అరగంట పట్టింది.

అయితే ఆ పన్నెండున్నర లక్షలు పనికిమాలిన అంకె కాదనిపిస్తోంది ఇప్పుడు. మిగతా నలభై ఏడున్నర లక్షలు అద్దెకి కాదు, రేపు ధర పెరుగుతుందన్న ఆశకి కడుతున్నామని కదా అది చెప్తోంది. ఎంత డబ్బు ఆశ మీద నడుస్తోందో విడదీసి చూపించే లెక్క టీ కొట్టులో దొరకదు. రేపటి రూపాయికి ఇవాళ ఎంత అన్నదీ మనకి కొత్త కాదు. చిట్టీ పాటలో లక్షకి ఎంత తగ్గించి ఎత్తుకోవాలో మా వీధి ఆడవాళ్ళందరికీ తెలుసు. డిస్కౌంట్ రేటంటే అదే, ఎక్సెల్‌లో వేస్తారంతే. పైగా హైదరాబాద్, బెంగళూరు ఆఫీసు బిల్డింగులకి తొమ్మిదేళ్ళ లీజులు, నికరమైన అద్దెలు ఉంటాయి. అక్కడ క్యాప్ రేట్ చక్కగా పనిచేస్తుంది. 2019లో మొదటి రీట్ (అద్దెలొచ్చే భవనాల్లో యూనిట్లు అమ్మే ట్రస్టు) మార్కెట్లోకి వచ్చాక ఆ లెక్కలు చేసేవాళ్ళకి ఉద్యోగాలూ ఉన్నాయి. పంచాల్సిన నగదులో 90 శాతం యూనిట్లు కొన్నవాళ్ళకి పంచాలి, ఆస్తుల్లో 80 శాతం పూర్తయి అద్దె వచ్చేవి కావాలి. ఎవరో ఒకరు విలువ కట్టాలి కదా.

కానీ బుజ్జమ్మ బీకాం. అసలు చిక్కు ఇది, దీని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడట్లేదు. భూమి, భవనాలకి రిజిస్టర్డ్ వాల్యూయర్ కావాలంటే సివిల్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్‌లో ఏదో ఒక డిగ్రీ, దాని మీద ఏళ్ళ అనుభవం ఉండాలి. లేదంటే వాల్యుయేషన్ మీదే చేసిన రెండేళ్ళ పీజీ. పేరులో రియల్ ఎస్టేట్ అని ఉన్న ఎంబీఏ చేసేస్తే చాలదు. అమ్మకాలు, లీజింగ్, ఫండ్ల వైపు వెళ్ళాలనుకుంటే ఆ ఎంబీఏ సరిపోతుంది. సంతకం పెట్టి విలువ కట్టే వైపు వెళ్ళాలనుకుంటే సరిపోదు. నోయిడాలో ఆర్ఐసీఎస్ స్కూలు, అహ్మదాబాద్‌లో సెప్ట్, పుణె, హైదరాబాద్‌లలో నిక్మార్, ఒక్కోదాని ఒంపు ఒక్కోవైపు. ఫీజు కట్టకముందే కోర్సు పేరు అక్షరం అక్షరం డిగ్రీ సర్టిఫికెట్ మీద ఎలా పడుతుందో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోమన్నాను. సైట్‌కి తీసుకెళ్ళి కొలిపించేది ఎన్ని గంటలో, భూచట్టాలు చెప్పేది లాయరా లేక స్లయిడ్లా, అదీ అడగమన్నాను.

మా తమ్ముడు ఫీజెంత అని మాత్రం అడిగాడు. చెప్తే, ఆ డబ్బుకి భోగాపురం వైపు వంద గజాలొస్తాయన్నాడు. తనఖా ప్లాటు కాకుండా చూసుకో అన్నాను.