చిలికా మీద లచ్చి, కర్రి

ఫిబ్రవరి నెలాఖరు శనివారం, రాత్రి పది గంటలు, పూరీ.

ఈరోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు పర్లాకిమిడిలో బయలుదేరి, మధ్యాహ్నం రెండు దాటాక ఇక్కడ మా చెల్లెలి ఇంటికి చేరుకున్నాము. బుధవారం దాని గృహప్రవేశం. పది రోజులు ఉండక తప్పదు కాబట్టి, కుక్కలు రెండింటినీ వెంటబెట్టుకు రావలసి వచ్చింది. మేము ఊరికి వెళ్ళినప్పుడల్లా వాటికి ఇంత అన్నం పెట్టే పక్కింటి పెద్దావిడ ఇప్పుడు విశాఖపట్నంలో కొడుకు దగ్గర ఉంటున్నది. లచ్చికి తొమ్మిదేళ్ళు, వెనుక కాళ్ళ కీళ్ళు పట్టేసి మెట్లు ఎక్కలేదు. కర్రికి ఏడాది నిండింది, నల్లగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. రెండూ వీధిలో పుట్టి మా గుమ్మంలో చేరినవే. ఊరు దాటి ప్రయాణం చేయడం రెండింటికీ ఇదే మొదటిసారి.

ఏ దారిన వెళ్ళాలన్న విషయం మీద నిన్న రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చే జరిగింది. కారు నడపడానికి వచ్చిన మా బావమరిది జాతీయ రహదారిని వదలకుండా రంభ, బాలుగావ్, ఖుర్దా మీదుగా పిపిలి చేరి, అక్కడి నుంచి పూరీకి పోదామన్నాడు. నేను గంజాం దాటాక పలూరు వైపు తిరిగి, చిలికా సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుక నేల మీదుగా జహ్నికుదా రేవుకు పోయి, అక్కడ కారుతో సహా ఫెర్రీ ఎక్కి సాతపడాలో దిగుదామన్నాను. “రేవులో గంట కూర్చుంటే ఆ గంటలో హైవే మీద డెబ్బై కిలోమీటర్లు పోతాం బావగారూ” అన్నాడు. లెక్క సరైనదే. అయితే ఆ లెక్కలో కుక్కలు లేవు. హైవే మీద నాలుగుసార్లు ఆపుతామని బయలుదేరేముందు అందరూ అంటారు. బండి వేగం అందుకున్నాక ఒక్కసారి కూడా ఆపబుద్ధి కాదు. రేవులో అయితే పడవ వచ్చేదాకా ఎవరైనా ఆగవలసిందే. చివరకు మా ఆవిడ “పంటు ఎక్కి ఎన్నాళ్ళయిందో” అనడంతో తమ్ముడు ఇంకేమీ మాట్లాడలేదు. వాళ్ళది నరసాపురం. వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి పోయే పంటు మీద చిన్నప్పుడు తిరిగిన మనుషులు కావడం వల్ల, చిలికా మీద తిరిగే ఫెర్రీని కూడా ఇద్దరూ పంటు అనే అంటారు.

పశువుల ఆసుపత్రి డాక్టరుగారు వారం క్రితమే జాగ్రత్తలు చెప్పారు. బయలుదేరడానికి ముందు కనీసం నాలుగు గంటలు కడుపు ఖాళీగా ఉండాలనీ, నీళ్ళు మాత్రం మానిపించకూడదనీ, రెండు గంటలకొకసారి దింపి నడిపించాలనీ, రేబిస్ టీకా వేయించిన కాగితం దగ్గర ఉంచుకోవాలనీ అన్నారు. కర్రికి వాంతి మాత్ర బరువును బట్టి ఆయనే రాసిచ్చారు. మనుషులు వేసుకునే మాత్రలు మనంతట మనం వేయకూడదని గట్టిగా హెచ్చరించారు కూడా. నిన్న రాత్రి ఏడు గంటలకు రెండింటికీ పెరుగన్నం పెట్టి గిన్నెలు కడిగేశాము. వెనుక సీటు మీద లచ్చి రోజూ పడుకునే పాత బొంతను ఉతకకుండానే పరిచాము. ఉతికితే దాని వాసన పోతుంది, ఆ వాసన లేకపోతే అది ఆ సీటును తనదని ఒప్పుకోదు. పట్టీలను సీటు బెల్టులకు తగిలించాము. కిటికీ బయటకు తల పెట్టి గాలి పీల్చే కుక్క ఫొటోలో ఎంత ముచ్చటగా ఉన్నా, కంట్లో దుమ్మో పురుగో పడితే బాధ పడేది ఆ కుక్కే కాబట్టి అద్దాలను నాలుగు వేళ్ళకు మించి దింపలేదు.

మా పర్లాకిమిడి వాళ్ళకు ఒక చిత్రమైన అలవాటు ఉన్నది. ఒడిశాలోనే ఉన్న బరంపురానికి పోవడానికి ఆంధ్రలోకి దిగి, పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం చూసుకొని మళ్ళీ ఒడిశాలోకి వస్తాము. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతను ఇలా ఒక్క పూటలో రెండుసార్లు దాటుతూ ఉంటాము. ఈరోజు మొదటి దాటు కర్రికి అచ్చిరాలేదు. టెక్కలి చేరకముందే అది వరుసగా ఆవులించడం, పెదవులు నాకడం, చొంగ కార్చడం మొదలుపెట్టింది. కుక్క ఆవులిస్తే నిద్ర వస్తున్నదనుకుంటాము కానీ, కదులుతున్న బండిలో అది వికారానికి గుర్తు. నేను ఆపమనేలోపే పసుపుపచ్చని నీళ్ళు కక్కింది. కడుపులో ఏమీ లేకపోవడం వల్ల పాత గుడ్డతో తుడిస్తే సరిపోయింది. పలాస దాటాక జీడితోటల పక్కన పావుగంట నడిపించాము. ఆ తరువాత అది లచ్చి వీపు మీద గడ్డం ఆనించి బరంపురం దాకా కదలలేదు.

గంజాం దగ్గర రుషికుల్య వంతెన దాటుతుండగా బావమరిదికి ఒక ఆలోచన వచ్చింది. సముద్రం దగ్గరే కదా, కుక్కలను ఇసుకలో కాసేపు వదిలి పరిగెత్తనిద్దామన్నాడు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. ఫిబ్రవరి, మార్చి నెలలు ఆ నది మొగ దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే కాలం. ఒక్కొక్క తాబేలు అడుగున్నర లోతు గొయ్యి తవ్వి నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. పిల్లలు బయటకు రావడానికి నెలన్నరకు పైనే పడుతుంది. అన్నాళ్ళూ ఆ గుడ్లకు ఇసుక తప్ప కాపలా లేదు. వాసన పట్టి గోతులు తవ్వడంలో ఊరకుక్కలను మించినవి లేవు. మా ఇంటి పెరట్లో కర్రి నెలకు రెండు కనకాంబరం మొక్కలను పెకలిస్తుంది. దానికి తాబేలు గుడ్డుకూ కనకాంబరం వేరుకూ తేడా తెలియదు. “మీరు మరీ బావగారూ” అని గొణిగినా, అతను బండిని ఆపకుండా పోనిచ్చాడు.

హుమ్మా ఉప్పు మడులు దాటి పలూరు వైపు తిరిగినప్పటి నుంచి రోడ్డు సన్నబడింది. ప్రాచీన భూగోళవేత్త టాలెమీ రాతల్లో పలూరా అని కనిపించే రేవు ఇదేనని చరిత్రకారులు చాలామంది చెబుతారు. ‘ఊరు’తో ముగిసే ఆ పేరు దగ్గర కారు ఆపి లచ్చికి నీళ్ళు పెట్టాము. అక్కడి నుంచి కృష్ణప్రసాద్ మీదుగా సరుగుడు తోపులు, జీడిచెట్లు, అక్కడక్కడా ఎండు చేపల వాసన. ఆ వాసన కారులోకి రాగానే కర్రికి వాంతులు, వికారం అన్నీ మరుపున పడ్డాయి.

జహ్నికుదా చేరేసరికి పదీ పావు. పడవ అప్పుడే అవతలి ఒడ్డుకు బయలుదేరిపోయింది. బావమరిది గడియారం చూసుకొని నావైపు చూశాడు. నేను సరుగుడు చెట్ల వైపు చూశాను. ఆ తరువాత గడిచిన గంటా పది నిమిషాలే ఈ ప్రయాణంలో కుక్కలకు అచ్చంగా దక్కిన సమయం. రాలిన సరుగుడు ఆకుల మీద లచ్చి నాలుగు కాళ్ళూ చాపి, పొర్లి, లేచి దులుపుకొని మళ్ళీ పొర్లింది. కీళ్ళనొప్పుల కుక్కకు గంటల తరబడి ఒకే సీటు మీద ముడుచుకోవడం ఎంత కష్టమో, అది మొదటి నాలుగు అడుగులు కుంటుతూ వేసినప్పుడే అర్థమైంది. పది నిమిషాలు నడిచాక ఆ కుంటు తగ్గింది. కర్రి నీటి అంచుకు లాక్కుపోయి మూతి పెట్టబోతే గట్టిగా వెనక్కి గుంజాను. చిలికా నీరు చూడటానికి చెరువు నీరులా ఉంటుంది కానీ అది ఉప్పునీరూ మంచినీరూ కలిసినది. 2000 సంవత్సరంలో సాతపడా వైపున కొత్తగా మొగ తవ్వి సముద్రాన్ని లోపలికి రానిచ్చాక, చిలికాలో చేపలూ రొయ్యలూ మళ్ళీ పెరిగాయి. ఆ ఉప్పే కుక్క కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మేము ఇంటి నుంచి తెచ్చిన ఐదు లీటర్ల డబ్బా అక్కడే సగం ఖాళీ అయింది.

టికెట్ ఇచ్చే అతను కారుకూ మనుషులకూ లెక్కగట్టి, కుక్కల వైపు చూసి “కుకురొ కాముడిబొ కి?” అని అడిగాడు. కరవవు అన్నాను. టికెట్ కొట్టలేదు.

చిక్కంతా పడవ ఎక్కేటప్పుడు వచ్చింది. బళ్ళు ఎక్కడానికి ముందు భాగాన ఇనుప పలకను ఒడ్డు మీదికి దించుతారు. దాని మీద మొదట బావమరిది కారు ఎక్కించాడు. తరువాత మేము కుక్కలతో నడిచి వెళ్ళాలి. కర్రి ఒక్క దూకుతో ఎక్కేసింది. లచ్చి ఆ పలక మీద ముందుకాలు పెట్టి తీసేసింది. ఇనుము వేడెక్కి ఉన్నది, కింద ఇంజను దడదడలాడుతున్నది, సందులో నుంచి నీళ్ళు కదులుతూ కనిపిస్తున్నాయి. వీటిలో దేనికి అది వెనకాడిందో చెప్పలేను. వెనుక రెండు మోటారు సైకిళ్ళు హారన్ కొట్టాయి. పద్దెనిమిది కిలోల కుక్కను ఎత్తుకుందామంటే నా నడుము ఒప్పుకునే స్థితిలో లేదు. అప్పుడు మా ఆవిడ కారులోని బొంత తెచ్చి పలక మీద పరిచింది. లచ్చి దాన్ని వాసన చూసి, నాలుగడుగులు వేసి, మధ్యలో ఇదే తన పక్క అన్నట్టు కూర్చుంది. చివరకు బొంతతో సహా కుక్కను పైకి లాగాము. ఎండు రొయ్యల బుట్టతో వెనుక నిలబడిన ఒకావిడ తానూ ఒక కొస పట్టింది.

పైన కూడా దాన్ని కారులో పెట్టి తలుపులు వేయడానికి నేను ఒప్పుకోలేదు. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది, కుక్క ముఖ్యంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడి వదిలించుకోవాలి, వేడి గాలిలో ఎంత రొప్పినా లాభం లేదు. కారు నీడలో బొంత వేసి, పట్టీ నా కాలికి చుట్టుకొని కూర్చున్నాను. ఇంజను వేగం పెంచగానే లచ్చి వణకడం మొదలుపెట్టి, నా పాదం మీద గడ్డం పెట్టి, మధ్యలో కొంగల గుంపు లేచినా తల ఎత్తలేదు. సాతపడా వైపు ఐరావతి డాల్ఫిన్లు తిరుగుతాయని మా ఆవిడ దారి పొడుగునా నీళ్ళకేసి చూస్తూనే ఉన్నది కానీ ఒక్కటీ కనిపించలేదు. కర్రికి డాల్ఫిన్లతో పనిలేదు. అది రొయ్యల బుట్ట ఎదుట ముప్పావు గంట సేపు ఎంతో మర్యాదగా కూర్చొని, ఏమీ దొరకకుండానే దిగింది. ఆవిడ రెండు రొయ్యలు ఇవ్వబోతే ఉప్పు ఎక్కువని నేనే వద్దన్నాను. అందుకు ఆవిడా, కర్రీ ఇద్దరూ నన్ను ఒకేలా చూశారు.

దిగేటప్పుడు బొంత అవసరం రాలేదు. ఒడ్డు కనబడగానే లచ్చి అందరికన్నా ముందు నిలబడింది. సాతపడా నుంచి బ్రహ్మగిరి మీదుగా పూరీకి యాభై కిలోమీటర్లు. ఆ దారంతా రెండూ నిద్రపోయాయి.

ఇక్కడికి వచ్చి నాలుగు గంటలు ఆగాక సగం భోజనమే పెట్టాను. కర్రి తినేసి చెల్లెలి ఇంటి గుమ్మాలన్నీ వాసన చూసి వచ్చింది. లచ్చి తినలేదు. తొమ్మిదింటికి కాసిని నీళ్ళు తాగింది, అంతే. బావమరిది హైవే మీదైతే పన్నెండున్నరకే వచ్చేవాళ్ళమని రాత్రి భోజనంలో మళ్ళీ ఒకసారి లెక్క చెప్పాడు. నేను కాదనలేదు.

ఇందాక చెల్లెలు వరండాలోకి వచ్చి, “అన్నయ్యా, ఆ బొంత డీజిల్ కంపు కొడుతున్నది, మిషన్‌లో వేసేస్తాను” అని చేయి చాచింది. తిరిగి వెళ్ళేదాకా దాని జోలికి పోవద్దని చెప్పాను. దాని మీద లచ్చి ఇప్పుడు ఒక పక్కకు ఒరిగి పడుకున్నది, వెనుక కాళ్ళు మాత్రం ఇంకా అప్పుడప్పుడు అదురుతున్నాయి.