నా మెయిళ్లకు నా ఇంట్లో ఒక ప్రతి

నేను బెంగళూరు జయనగర్‌లో ఉంటూ కన్నడం నుంచి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ఈ వృత్తిలో ఇప్పుడు కాగితం దాదాపుగా లేదు. ప్రచురణకర్తతో కుదిరిన ఒప్పందం, పారితోషికం గురించి రాసిన మాట, దిద్దిన ప్రూఫులు, పారితోషికంలో కోసిన పన్నుకు రుజువుగా అందే ఫారం 16ఎ, ఒక పదాన్ని ఎందుకు మార్చామో సంపాదకుడికీ నాకూ మధ్య నడిచిన చర్చ, ఇవన్నీ ఉన్నది ఒక్క జీమెయిల్ ఖాతాలోనే. ఆ ఖాతాలో స్థలం నిండిపోతోందనీ, నిండితే కొత్త మెయిళ్లు అందవనీ హెచ్చరిక కనిపించడం మొదలయ్యాక నేను ఈ విషయం మీద స్థిమితంగా కూర్చోవలసి వచ్చింది. ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కే కాదు, డ్రైవ్‌లోని ఫైళ్లకూ ఫోటోలకూ కలిపి ఇచ్చేది. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించిన ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

నెలకు కొంత చెల్లించి స్థలం పెంచుకోవచ్చు. ఆ ఖర్చు నాకు భారం కాదు. అయితే స్థలం పెంచినా నా ఉత్తరాలకు ఉన్న ఏకైక ప్రతి ఇంకొకరి సర్వర్‌లోనే ఉంటుంది. నాకు తెలిసిన ఒక డీటీపీ ఆపరేటర్ పాత ఫోన్ నంబరును వదిలేసి కొత్తది తీసుకున్నారు. కంప్యూటర్ మార్చి లాగిన్ అవబోతే ధ్రువీకరణ కోడ్ ఆ పాత నంబరుకే వెళ్లింది, అప్పటికి ఆ నంబరు ఎవరి చేతికో చేరిపోయింది. ఆయన పాస్‌వర్డ్ మరచిపోలేదు, బిల్లు బాకీ పడలేదు, అయినా ఏళ్ల తరబడి దాచుకున్న పని అంతా చేతికి అందకుండా పోయింది. జీమెయిల్‌లో రెండేళ్లపాటు వాడని ఖాతాలను తొలగించవచ్చనే నియమం కూడా ఉంది. నాది రోజూ వాడే ఖాతా కాబట్టి నాకు ఆ భయం లేదు గానీ, కుటుంబంలో పెద్దవాళ్ల ఖాతాల విషయంలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

మెయిళ్లను బ్రౌజర్‌లో కాక మన కంప్యూటర్‌లోకే తెచ్చి చూపే డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్‌ను మా తరంలో చాలామంది ఎన్నడూ వాడలేదు. దానికి కారణం ఉంది. బెంగళూరులో పెరిగిన సబీర్ భాటియా, జాక్ స్మిత్‌తో కలిసి 1996 జులై 4న హాట్‌మెయిల్‌ను మొదలుపెట్టారు. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా బ్రౌజర్‌లోనే మెయిల్ చూసుకోగలగడం దాని గొప్పతనం. సొంత కంప్యూటర్ లేక నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి మెయిల్ చూసుకున్న మాకు అంతకు మించి ఏం కావాలి? 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఏకంగా 1 జీబీ ఇస్తూ వచ్చింది. హాట్‌మెయిల్ అప్పటికి ఇస్తున్నది 2 ఎంబీ. ఇక ఏదీ తుడిచేయనక్కర్లేదనే అలవాటు అక్కడే పుట్టింది. అదే ఏడాది డిసెంబరులో అలాంటి డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామే అయిన మొజిల్లా వారి థండర్‌బర్డ్ 1.0 వెలువడింది, కాని మాలో ఎవరి దృష్టీ దాని మీదికి పోలేదు.

వెబ్‌మెయిల్‌ను, అంటే బ్రౌజర్‌లో చూసుకునే మెయిల్‌ను, తీసిపారేయాలని నేను అనుకోలేదు. చెత్త మెయిళ్లను అది ఏరివేసే తీరు, బస్సులో ఉండగా ఫోన్‌లోనే ప్రూఫు చూసి జవాబివ్వగలిగే వీలు నాకు అవసరమే. దానితో నాకు నిజంగా ఉన్న ఇబ్బంది వెతుకులాటలో. తెలుగులో విభక్తి మాటకు అంటుకుని ఉంటుంది. పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకానికి, పుస్తకాలలో అని ఒకే మాట ఎన్నో రూపాల్లో వస్తుంది. వెబ్‌మెయిల్ వెతుకులాట పూర్తి మాటను పట్టుకుంటుంది తప్ప మాటలో కొంత భాగం ఇస్తే పట్టుకోదు. నేను ఒక రూపం ఇస్తే మిగతా రూపాలున్న ఉత్తరాలు పక్కనే ఉండి కూడా కనబడవు. థండర్‌బర్డ్‌లోని క్విక్ ఫిల్టర్ అలా కాదు. ‘పుస్తక’ అని ఇస్తే ఆ అక్షరాలు ఎక్కడ వచ్చినా ఆ విషయ శీర్షికలన్నీ ముందు పెడుతుంది. తెలుగులో ఉత్తరాలు రాసేవారికి ఇది చాలా పెద్ద సదుపాయం, దీని గురించి తగినంతగా ఎవరూ చెప్పడం లేదని నా అభిప్రాయం.

ఏ ప్రోగ్రామ్ తీసుకోవాలన్నది నేను ఒకే ప్రశ్నతో తేల్చుకున్నాను. రేపు ఆ ప్రోగ్రామ్ లేకపోయినా నా ఉత్తరాలు తెరుచుకోవాలి. మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ పాత పద్ధతిలో మెయిళ్లను పీఎస్‌టీ అనే ఫైలులో పెడుతుంది. ఆఫీసుల్లో అది బాగా నడుస్తున్నదే, కానీ ఆ ఫైలును తెరవగల ప్రోగ్రామ్‌లు తక్కువ. థండర్‌బర్డ్ వాడే ఎంబాక్స్ పద్ధతి యూనిక్స్ కాలం నాటిది. ఒక ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఒకదాని కింద ఒకటిగా మామూలు టెక్స్ట్‌లా ఉంటాయి. చదవగల ప్రోగ్రామ్‌లు అనేకం. థండర్‌బర్డ్ ఉచితం, విరాళాల మీద నడుస్తుంది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. నాకు అది చాలు.

ప్రోగ్రామ్‌ను పెట్టుకోవడం సులువుగానే జరిగింది. ఒకప్పటిలా పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌కు అప్పగించే పద్ధతిని గూగుల్ 2022లోనే చాలావరకు ఆపేసింది. ఇప్పుడు గూగుల్ పేజీయే తెరుచుకుని, అక్కడ మనం అనుమతి ఇస్తే ఖాతా కలుస్తుంది. కొంతసేపటికి ఫోల్డర్లన్నీ ఎడమవైపు వరుసకట్టాయి. అంతా వచ్చేసిందని చూపించబోతే, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడు చెప్పిన మాట ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైనది.

“అత్తా, ఇక్కడ కనబడుతున్నదంతా నీ సొంతమైనట్టు కాదు. ఇది ఐమాప్. సర్వర్‌లో ఏముంటే అదే ఇక్కడ ఉంటుంది. అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది.”

“కంప్యూటర్‌లోకి దిగిన ఫైలు కదరా, అదెలా పోతుంది?”

“కావాలంటే ఇప్పుడే చూడు,” అని నాకు నేనే పంపుకున్న ఒక మెయిల్‌ను బ్రౌజర్‌లో తీసేయమన్నాడు. కాసేపటికి థండర్‌బర్డ్ ఇన్‌బాక్స్‌లోంచి కూడా అది మాయమైంది. అలాంటిదే ఇంకొక మెయిల్‌ను ముందుగా లోకల్ ఫోల్డర్స్ అనే విభాగంలోకి కాపీ చేసి, తర్వాత బ్రౌజర్‌లో తీసేస్తే, ఇన్‌బాక్స్‌లోది పోయింది గాని లోకల్ ఫోల్డర్స్‌లోది అలాగే ఉంది.

ఐమాప్‌ను 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించింది ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండి, ఎక్కడి నుంచి చూసినా ఒకే స్థితిలో కనబడాలని. అది అద్దం వంటిది, ఎదురుగా ఉన్న వస్తువు తొలగితే అందులోని బొమ్మ కూడా తొలగుతుంది. పీఓపీ అనే మరో పద్ధతి ఉత్తరాన్ని కంప్యూటర్‌లోకి దించేస్తుంది గానీ, పంపిన మెయిళ్ల ఫోల్డరూ, ఉత్తరాలకు తగిలించిన పేర్ల, అంటే లేబుళ్ల, అమరికా దానితో రావు. ఫోనూ కంప్యూటరూ రెండూ వాడేవారికి రోజువారీ పనికి ఐమాప్ తగినది. బ్యాకప్‌కు మాత్రం దాని మీద ఆధారపడకూడదు, ఎందుకంటే ఖాతాలోకి ఎవరైనా చొరబడి ఉత్తరాలన్నీ తుడిచేస్తే ఐమాప్ ఆ తుడిచివేతను కూడా నమ్మకంగా మన కంప్యూటర్‌లోకి తెస్తుంది.

పాత ఉత్తరాలను మొత్తంగా దించుకోవడానికి, ఖాతాలోని మన సమాచారాన్ని ఫైళ్లుగా ఇచ్చే గూగుల్ టేక్‌అవుట్ అనే సదుపాయాన్ని వాడాను. జీమెయిల్‌ను ఐమాప్ ద్వారా పూర్తిగా లాగడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, రోజుకు సుమారు 2500 ఎంబీ మాత్రమే దించుకోనిస్తారు. రెండవది, జీమెయిల్‌లో ఫోల్డర్లు లేవు, లేబుళ్లు ఉన్నాయి. ఒక ఉత్తరానికి మూడు లేబుళ్లుంటే ఐమాప్‌లో అది మూడు ఫోల్డర్లలోనూ కనబడుతుంది, ఆల్ మెయిల్ అనే ఫోల్డర్‌లో మళ్లీ కనబడుతుంది, అన్నిచోట్లా డిస్క్ స్థలాన్ని తింటుంది. అందుకని ఆల్ మెయిల్ ఫోల్డర్ థండర్‌బర్డ్‌లోకి రాకుండా ఆపేసి, పాత సరుకు కోసం టేక్‌అవుట్‌కు వెళ్లాను. అక్కడ మెయిల్‌ను మాత్రమే ఎంచుకోవచ్చు, అందులోనూ కావలసిన లేబుళ్లను మాత్రమే ఎంచుకోవచ్చు. ముందుగా ఒక చిన్న లేబుల్‌తో ప్రయత్నించమని ఎవరికైనా చెబుతాను. ఫైలు తయారైందని మెయిల్ వచ్చాక ఆ లింకు కొద్దిరోజులే పనిచేస్తుంది కాబట్టి వెంటనే దించుకోవాలి.

దిగిన ఎంబాక్స్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇంగ్లీషు ఉత్తరాలు చదవగలిగేలానే ఉంటాయి. తెలుగు ఉత్తరాల చోట మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాల వరుసలు కనబడతాయి. ఫైలు పాడైందని కంగారు పడనక్కర్లేదు. మెయిల్ వ్యవస్థ మొదట ఇంగ్లీషు అక్షరాల కోసమే ఏర్పడింది కాబట్టి, తెలుగును బేస్64 అనే పద్ధతిలో రోమన్ అక్షరాలుగా మార్చి పంపుతారు. మెయిల్ ప్రోగ్రామ్ దాన్ని తిరిగి తెలుగుగా మార్చి చూపిస్తుంది. నేను థండర్‌బర్డ్‌ను మూసి, ఆ ఫైలును లోకల్ ఫోల్డర్స్ ఉండే డైరెక్టరీలో పెట్టి, మళ్లీ తెరిచాను. పాత ఉత్తరాలు తెలుగు శీర్షికలతో సహా సక్రమంగా వచ్చాయి. లేబుళ్లు ఫోల్డర్లుగా రాలేదు, ప్రతి ఉత్తరం తలభాగంలో ఒక వరుసగా రాసి ఉన్నాయి. వాటిని బట్టి ప్రచురణకర్తల వారీగా నేనే వేరు చేసుకున్నాను. అది ఓపికతో చేయవలసిన పని, నాకు ఇష్టమైన పని కూడా.

ఇంత చేసినా ఉత్తరాలు నా ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉన్నాయి. డిస్క్ చెడిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. ఎస్.పి. రోడ్డుకు వెళ్లి ఒక బయటి హార్డ్ డిస్క్ కొన్నాను. థండర్‌బర్డ్ తన సమస్తాన్నీ ప్రొఫైల్ అనే ఒకే ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఉత్తరాలు, చిరునామాలు, ఫిల్టర్లు, ఖాతాల అమరిక, దాచిన పాస్‌వర్డ్‌లు, అన్నీ అందులోనే ఉంటాయి. విండోస్‌లో అది మామూలుగా కంటికి కనబడని యాప్‌డేటా కింద ఉంటుంది. హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ సమాచారం తెరిస్తే అక్కడికి నేరుగా దారి చూపిస్తుంది. ప్రోగ్రామ్‌లోనే ఎగుమతి సాధనం ఒకటి ఉంది గానీ, ప్రొఫైల్ 2 జీబీ దాటితే చేత్తో కాపీ చేసుకోమని అదే చెబుతుంది. కాపీ చేసేముందు థండర్‌బర్డ్‌ను తప్పకుండా మూసేయాలి, తెరిచి ఉండగా తీసిన కాపీలో ఫైళ్లు సగంలో ఉండిపోవచ్చు. డిస్క్‌లో ఫైళ్లను అమర్చే తీరు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంటే 4 జీబీ మించిన ఫైలు అందులోకి ఎక్కదు, పెద్ద ఎంబాక్స్ ఫైళ్లు అక్కడే ఆగిపోతాయి. ఎక్స్‌ఫ్యాట్‌గానో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేసుకోవాలి.

ప్రొఫైల్‌లో పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయన్న సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. దాచిన పాస్‌వర్డ్‌లన్నిటికీ తాళం వంటి ప్రైమరీ పాస్‌వర్డ్‌ను థండర్‌బర్డ్‌లో పెట్టకపోతే, ఆ ఫోల్డర్ చేతికి చిక్కినవారు వాటిని చూడగలరు. నేను ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టాను, డిస్క్‌ను వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌తో గుప్తీకరించాను. డిస్క్ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను, ఎందుకంటే అది పోతే డిస్క్‌లోనిదంతా పోయినట్టే.

తిరిగి తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను. మేనల్లుడి పాత ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ పెట్టి, ఆ ప్రొఫైల్‌ను అందులో తెరవబోయాం. అక్కడున్నది పాత వెర్షన్ కావడంతో, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను అది ఒప్పుకోలేదు. కొత్తది ఎక్కించాక తెరుచుకుంది. ఒక ఫోల్డర్‌లో ఉత్తరాల జాబితా ఖాళీగా కనబడింది. దానికి మందు కూడా మేనల్లుడికి తెలుసు. ప్రతి ఎంబాక్స్ ఫైలుకు తోడుగా ఎంఎస్‌ఎఫ్ అనే చిన్న సూచిక ఫైలు ఉంటుంది. ప్రోగ్రామ్‌ను మూసి దాన్ని తీసేస్తే, తెరిచినప్పుడు అది ఉత్తరాలను చదువుకుని కొత్త సూచిక తయారుచేసుకుంటుంది. ఇంటర్నెట్ కనెక్షన్ తీసేసి, ఒక పాత ఒప్పందం మెయిల్‌నూ దాని పీడీఎఫ్‌నూ తెరిచాను. రెండూ తెరుచుకున్నాయి.

ఇంకొక సమస్యకు ఈ పద్ధతుల్లో దేనిలోనూ పరిష్కారం లేదు. పాత ప్రూఫులు చాలావరకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో ‘అను’ అనే ఫాంట్లతో వచ్చినవి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగా గుర్తించే యూనికోడ్ పద్ధతిలోవి కావు కనుక, ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుగా కనబడవు, తెలుగు మాటతో వెతికితే దొరకవు. అటాచ్‌మెంట్‌ను భద్రంగా దాచినంత మాత్రాన అందులోని వ్యాసం భద్రంగా ఉన్నట్టు కాదు. ముఖ్యమైన వాటిని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్ది, ఆ మెయిల్ పక్కనే ఉంచుతున్నాను. ఈ పని ఇంకా నడుస్తోంది.

రెండో ప్రతి తెరుచుకుంటుందని చూసుకున్నాకనే జీమెయిల్‌లో చేయి పెట్టాను. బ్రౌజర్‌లో 10 ఎంబీ దాటిన పాత మెయిళ్లను వెతికి తీసేశాను. ట్రాష్‌లోనివి 30 రోజుల తర్వాత వాటంతట అవే పోతాయి, అప్పటిదాకా స్థలం ఆక్రమిస్తూనే ఉంటాయి, కనుక దాన్ని కూడా ఖాళీ చేశాను. హెచ్చరిక పోయింది. ఇప్పుడు కొత్త మెయిళ్లను ఫోన్‌లోనూ బ్రౌజర్‌లోనూ చూస్తాను. పుస్తకం అచ్చుకు వెళ్లగానే దానికి సంబంధించిన ఉత్తరాలన్నీ లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసి, ప్రొఫైల్‌ను హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తాను. టేక్‌అవుట్‌లో ఏడాదిపాటు రెండు నెలలకొకసారి ఫైలు తయారుచేసే సదుపాయం ఉంది, దాన్ని కూడా పెట్టుకున్నాను. అలా దించుకున్న ఫైళ్లను మరో డిస్క్‌లో వేసి అనంతపురంలో మా అన్నయ్య ఇంట్లో ఉంచుతున్నాను.