ధర నిన్నటిదే

కాశీబుగ్గ, ఏప్రిల్ చివరి వారం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కల కాలం కాబట్టి ఈ రోజు తెల్లవారినప్పటి నుంచి మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఫోనుకు సందేశాలు ఆగలేదు. రైతులు, ఊళ్లలో పిక్కలు పోగుచేసే చిన్న వర్తకులు ఎన్ని బస్తాలు ఎప్పుడు దింపుతారో, ఏ ధరకు ఇస్తారో తమకు తోచిన తీరులో వాట్సాప్‌లో రాస్తారు. ఆ మాటలను ఒక భాషా నమూనాకు (చాట్‌జీపీటీ వంటి ఏఐ ప్రోగ్రాంకు) అందించి, అమ్మకందారు, ఊరు, బస్తాలు, ధర, తేదీ అనే అరలుగా జేసన్ (JSON) అనే, కంప్యూటర్ సులువుగా చదవగల రూపంలో తిరిగి రాబట్టి, లెక్కల పట్టికలో చేర్చే ప్రోగ్రాం పని నాది.

“రేపు పొద్దున్న 40 బస్తాలు దింపుతాం, ధర నిన్నటిదే” అని సోంపేట వైపు నుంచి ఒక వర్తకుడు రాశాడు. నమూనా ఇచ్చిన జేసన్‌లో కుండలీకరణాలు, కామాలు, అరల పేర్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బస్తాలు 40 అని ఉంది, తేదీ రేపటిదే. ధర అరలో మాత్రం 14,500 రూపాయలని వచ్చింది. సందేశంలో ఆ అంకె ఎక్కడా లేదు, నిన్నటి ధరా అది కాదు. పట్టికలోకి ఎక్కే ముందు ప్రతి వరుసనూ చదివే గుమస్తాగారు దాని దగ్గర ఆగి, “ఈ రేటెక్కడిది బాబూ, ఆయన సెప్పనేదు కదా” అని అడిగారు. మిగిలిన రోజంతా ఆ ప్రశ్నకే సరిపోయింది.

2000ల ఆరంభంలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన జేసన్ చాలా చిన్న వ్యాకరణం. పాఠ్యాన్ని జంట కొటేషన్లలోనే రాయాలి, చివరి అంశం తరువాత కామా ఉండకూడదు, వ్యాఖ్యలకు చోటు లేదు, అంకె సున్నాతో మొదలై మరో అంకెతో కొనసాగకూడదు. ఇప్పుడు అమలులో ఉన్న ఇంటర్నెట్ ప్రమాణం, 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8259, కొద్ది పేజీలలో ముగుస్తుంది. అయినా తొలినాళ్లలో భాషా నమూనాలు ఆ కొద్దిపాటి నియమాలను కూడా నిలకడగా పాటించేవి కావు. జేసన్‌కు ముందు ఒక పలకరింపు వాక్యం రాసేవి, దాని చుట్టూ కోడ్ గుర్తులు పెట్టేవి, శూన్య విలువను, అంటే అర ఖాళీ అని చెప్పే గుర్తును, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినట్టు రాసేవి. అటువంటి పాఠ్యాన్ని, జేసన్‌ను చదివి విడదీసే ప్రోగ్రాం అయిన పార్సర్‌కు ఇస్తే అది వెంటనే నిలిచిపోయి, ఏ వరుసలో ఎన్నో అక్షరం దగ్గర తేడా వచ్చిందో చెబుతుంది. ఆ తేడాలను నేను భయపడవలసినవిగా ఎన్నడూ భావించలేదు, ఎందుకంటే తప్పు తన చోటును తానే చూపించినప్పుడు దిద్దడానికి పట్టే సమయం తక్కువ.

భయపడవలసినవి నిశ్శబ్దంగా లోపలికి వచ్చేవి. మన అలవాటు ప్రకారం కామాతో రాసిన 16,500ను నమూనా అలాగే ఒక జాబితాలో పెట్టిందనుకుందాం. పార్సర్ దానిని 16, 500 అనే రెండు అంకెలుగా చదివి ఏ అభ్యంతరమూ చెప్పదు. అదే జాబితాలో 17,000 ఉంటే మాత్రం, మూడు సున్నాలు కలిపి రాసినది జేసన్‌లో అంకె కాదు కాబట్టి, పార్సర్ ఆగిపోతుంది. ఒకే రకమైన పొరపాటు, ధరను బట్టి, ఒకచోట పట్టుబడుతుంది, ఇంకొకచోట లెక్కలోకి జారుకుంటుంది. అందుకే ధరను అంకెగా కాక పాఠ్యంగా తీసుకుని, కామాలు తీసివేసి అంకెగా మార్చే పనిని ప్రోగ్రాంకే అప్పగించడం మేలని నా అభిప్రాయం.

ఆకృతి సమస్యకు పరిష్కారం ఇప్పటికే వచ్చింది. 2023 నవంబరులో, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ జేసన్ మోడ్ తెచ్చింది. వచ్చేది చెల్లుబాటయ్యే జేసన్ అనేంత వరకే దాని హామీ, మనం అడిగిన అరలే ఉంటాయన్న హామీ అందులో లేదు. 2024 ఆగస్టులో వచ్చిన స్ట్రక్చర్డ్ అవుట్‌పుట్స్ ఆ లోటునూ తీర్చింది. సొంత కంప్యూటర్‌లో నమూనాను నడిపేవారికి లామా.సీపీపీ అనే ప్రోగ్రాంలో వ్యాకరణాన్ని రాసి ఇచ్చే వీలుంది. ఈ చివరి రెండింటి వెనుక ఉన్న ఉపాయం ఒకటే: నమూనా ఒక్కొక్క మాట ముక్కనూ, అంటే ఒక్కొక్క టోకెన్‌నూ ఎంచుకునే ప్రతి అడుగులోనూ, స్కీమా (ఏ అరలో ఎలాంటి విలువ రావాలో చెప్పే నిర్వచనం) ఒప్పుకోని టోకెన్లన్నిటి సంభావ్యతను సున్నా చేస్తారు, మిగిలిన వాటిలోంచే అది ఎంచుకోవాలి. అంకె రావలసిన చోట అంకె తప్ప మరొకటి రాయడానికి దానికి దారే ఉండదు.

ఈ రోజు వచ్చిన 14,500కు మూలం సరిగ్గా ఇక్కడే ఉంది. ధర అర తప్పనిసరి అని, అది అంకె అయి తీరాలని స్కీమా చెబుతోంది. సందేశంలోనేమో అంకె లేదు. “నిన్నటిదే” అని రాసే అవకాశాన్ని తీసివేసిన తరువాత, జీడిపిక్కల బస్తాకు నమ్మదగినట్టు కనిపించే ఏదో ఒక ధరను రాయడం తప్ప నమూనాకు ఇంకేం మిగిలింది? జవాబు చెప్పక తప్పదన్నప్పుడు తెలియని సాక్షి కూడా ఏదో ఒకటి చెబుతాడు. ఆకృతిని ఎంత గట్టిగా బిగిస్తే, తెలియనిదానికి అంత స్పష్టంగా చోటు కల్పించాలి. రూపం చెల్లినంత మాత్రాన విషయం నిజమని అనుకునే అలవాటు లెక్కల పనిలో చాలా హాని చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ వరుస చివర ఒక రైతుకు చేరవలసిన డబ్బు ఉంటుంది.

ఓపెన్ఏఐ వారి కఠిన పద్ధతిలో అరలన్నీ తప్పనిసరిగానే ఉండాలి. ఏదైనా ఖాళీగా ఉండవచ్చునని చెప్పాలంటే, దాని రకంలో శూన్యాన్ని కూడా చేర్చాలి. మధ్యాహ్నం ధరకు ఆ మార్పు చేసి, దానికి ముందు ‘ధర ఆధారం’ అనే కొత్త అరను చేర్చాను. సందేశంలో చెప్పినది, మునుపటి ధరే, చెప్పలేదు అనే మూడింటిలో ఒకటి మాత్రమే అందులోకి వస్తుంది. ‘మునుపటి ధరే’ అని వస్తే నిన్నటి ధరను వెతికేది నమూనా కాదు, మా పట్టిక. జేసన్ ప్రమాణం ప్రకారం అరల వరుసకు అర్థం లేకపోయినా నమూనా ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతుంది కాబట్టి, ఆధారాన్ని ముందు రాయించి విలువను తరువాత అడిగితే ఊహించి నింపే అవకాశం తగ్గుతుంది.

ప్రతి విలువకూ తోడుగా సందేశంలోని అసలు మాటలను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయమని కూడా చెప్పాను. ఆ మాటలు నిజంగా సందేశంలో ఉన్నాయో లేవో ప్రోగ్రాం పోల్చి చూస్తుంది, లేకపోతే ఆ వరుసను పక్కన పెడుతుంది. తెలుగుతో ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ‘లోడ్‌కు’ వంటి మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం ఉంటుంది, నమూనా దాన్ని తరచుగా వదిలేస్తుంది. చూడడానికి ఒకటిగానే ఉన్న రెండు మాటలు కంప్యూటర్‌కు వేరవుతాయి. అందువల్ల పోల్చే ముందు రెండు వైపులా ఆ అక్షరాన్ని తొలగించాలి.

ఇక అంకెల మాట. మనవాళ్లు ‘పది పన్నెండు బస్తాలు’ అంటే పది నుంచి పన్నెండు వరకు అని అర్థం. నమూనా ఒకసారి 12 అని, ఇంకొకసారి 22 అని రాస్తుంది. ‘పదహారున్నర’ అంటే బేరంలో పదహారు వేల ఐదు వందలు, తూకంలో పదహారున్నరే. బస్తాలకు కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అరలు పెట్టడం తప్పలేదు. బస్తా బరువుకు కూడా ఒక అర పెడుతుంటే, “పిక్కల బస్తా అంటే ఎనభై కేజీలే కదా, అది రాయడమేటి” అని గుమస్తాగారు ఆశ్చర్యపోయారు. ఆయన మాట నిజమే, ఇక్కడ పిక్కల ధర చెప్పేది 80 కిలోల బస్తాకే. కానీ ఆ సంగతి సందేశంలో ఉండదు, మా అందరి మనసుల్లో ఉంటుంది. కాబట్టి దాన్ని నమూనా చేత చెప్పించకుండా ప్రోగ్రాంలో స్థిరంగా రాశాను.

పప్పు ఆర్డర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగే రకం, డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. స్కీమాలో ఈ రకాలను మాత్రమే జాబితాగా ఇస్తే, ‘మధ్యరకం పప్పు’ అని రాసిన మిఠాయి దుకాణదారుకు కూడా ఏదో ఒక నంబరు అంటుకుంటుంది. ‘చెప్పలేదు’ అనే అంశాన్ని ఆ జాబితాలోనూ చేర్చాను.

సాయంత్రం పొడవైన సందేశం ఒకదానికి జవాబు మధ్యలోనే తెగిపోయింది. తెలుగు పాఠ్యం ఇంగ్లీషు కంటే ఎక్కువ టోకెన్లుగా విడిపోతుంది కాబట్టి పరిమితి త్వరగా నిండుతుంది. తెగిన జేసన్‌కు కుండలీకరణాలు మూసి సరిచేసే లైబ్రరీలు ఉన్నాయి గాని, లెక్కల పనికి వాటిని వాడకూడదని నిర్ణయించాను. ఆరుగురు రైతుల జాబితా నలుగురితో చక్కగా ముగిసినట్టు కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. నమూనా ఏ కారణంతో ఆగిందో దాన్ని అందించే ఆన్‌లైన్ సేవ చెబుతుంది. నిడివి వల్ల ఆగినట్టయితే ఆ జవాబును పూర్తిగా వదిలి, సందేశాన్ని ముక్కలు చేసి మళ్లీ అడగడమే సరైనది.

పొద్దుటి సందేశాన్ని మార్చిన స్కీమాతో మళ్లీ పంపాను. ధర శూన్యం, ఆధారం ‘మునుపటి ధరే’, ఎత్తి రాసిన మాటలు ‘ధర నిన్నటిదే’. పట్టిక నిన్నటి ధరను తెచ్చి పెట్టింది, గుమస్తాగారు దానిని ఆమోదించారు. “ఫోన్లో అనుకున్నట్టే” అని రాసేవారి సందేశాలకు మాత్రం పట్టికలోనూ జవాబు లేదు. అవి వచ్చినప్పుడు వరుసను ఖాళీ ధరతోనే గుమస్తాగారి ముందుంచి, ఆయన ఆ వర్తకుడికి ఫోన్ చేసి కనుక్కున్న తరువాతే మూసివేసే ఏర్పాటు రేపు చేయాలి.