గాలి కదలిక, సూర్యుడి కదలిక

శ్రీకాకుళంలో మా మేడ మీద నాలుగంగుళాల టెలిస్కోపుతో సూర్యుణ్ని చూడడం మొదలుపెట్టిన కొత్తలో, బింబమంతా సన్నగా మరుగుతున్నట్టు కనిపించేది. అదే సూర్యుడి పైపొరలోని కదలిక అని చాలా రోజులు నమ్మాను. నిజానికి నేను చూసింది తూర్పున ఉన్న పొరుగింటి సిమెంటు రేకుల మీద నుంచి లేచే వేడిగాలిని.

ఈ రెండింటినీ వేరు చేయడానికి చిన్న లెక్క చాలు. మన కంటికి కనిపించే ఆ పైపొరను కాంతిమండలం అంటారు. దాని మందం కొన్ని వందల కిలోమీటర్లే, ఉష్ణోగ్రత సుమారు 5,800 కెల్విన్లు. చోడంబలి ఉడికేటప్పుడు నడుమ పొంగి పక్కలకు జారినట్టు, అక్కడ వేడి వాయువు అడుగు నుంచి లేచి, చల్లబడి, అంచుల్లోని నల్లటి సందుల గుండా తిరిగి దిగిపోతుంది. అలా ఏర్పడే ఒక్కొక్క గింజను గ్రాన్యూల్ అంటారు. దాని అడ్డుకొలత దాదాపు 1,000 కిలోమీటర్లు. వాయువు వేగం సెకనుకు ఒకటి రెండు కిలోమీటర్లు కాబట్టి, గింజ రూపు మారడానికి నిమిషాలు పట్టాలి. అంటే సెకనులో వణికేదేదైనా మన గాలే తప్ప సూర్యుడు కాదు. బింబం అంచు కూడా అలాగే అలలు అలలుగా ఊగుతుంటే ఇక అనుమానమే అక్కరలేదు.

ఇంత దూరం నుంచి 1,000 కిలోమీటర్లంటే ఆర్క్ సెకనున్నర కూడా ఉండదు (ఆర్క్ సెకను అంటే కోణపు కొలత, డిగ్రీలో 3,600వ వంతు). నా కటకం సామర్థ్యానికి అది దాదాపు చివరి హద్దు, కనుక గాలి నిలకడే సర్వస్వం. సూర్యుడు మరీ కిందుగా ఉంటే దట్టమైన గాలి పొర అడ్డం వస్తుంది, మరీ పైకి వచ్చేసరికి నేల కాగుతుంది. అందుకే టెలిస్కోపును నాగావళి గట్టుకు మార్చి, ఎదురుగా నీళ్లు ఉండేలా నిలబెట్టి, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య చూస్తున్నాను. నేలలా నీరు త్వరగా వేడెక్కదు. (సోలార్ ఫిల్టరు కటకానికి ముందు, గట్టిగా బిగించి ఉండాలి. అది లేకుండా కన్ను పెడితే క్షణంలో చూపు పోవచ్చు.)

సూర్యుడి మీది నల్లమచ్చల కదలిక చూడడం ఇంతకంటే సులువు. రోజూ ఒకే వేళకు గీసి పెట్టుకుంటే, మచ్చ రెండు వారాల లోపే బింబాన్ని దాటిపోవడం తెలుస్తుంది. అయితే మచ్చ లోపలి ప్రవాహం నా టెలిస్కోపుకు అందేది కాదు. నల్లటి నడిభాగం చుట్టూ ఉండే పెనంబ్రాలో వాయువు బయటి వైపు అడ్డంగా పారుతుందని 1909లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ ఎవర్‌షెడ్ వర్ణపట రేఖల (కాంతిని రంగులుగా విడదీస్తే కనిపించే సన్నని గీతల) జరుగుబాటును బట్టి పట్టుకున్నాడు. అది జరిగింది మన దేశంలోనే, కొడైకెనాల్ వేధశాలలో. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మొన్న ఒక ఉదయం గాలి కాసేపు కదలకుండా నిలిచింది. ఒక చిన్న మచ్చ పక్కనే ఉన్న గింజను గుర్తు పెట్టుకొని, నిమిషానికొకసారి కొద్ది సెకన్ల వీడియో తీస్తూ, ఒక్కొక్క దానిలో స్పష్టమైన ఫ్రేములను ఏరి కలిపాను. మొదటి చిత్రంలో అది నిండుగా, గుండ్రంగా ఉంది. నాలుగో చిత్రంలో నడుమ సన్నని నల్లగీత పడింది. ఏడో చిత్రానికి అక్కడ రెండు గింజలు ఉన్నాయి.