అష్టాచెమ్మా బొంత

“నేనింకా బతికే ఉన్నానమ్మా, అప్పుడే నా చీరలకి కత్తెర పెడతావా?” అన్నారు మా అత్తయ్యగారు.

నేను అడిగింది అంత పెద్ద మాటేం కాదు. మా అమ్మాయికి తొలి కాన్పు. ఏప్రిల్లో నెలలు నిండుతాయి, మార్చిలో విజయవాడ తీసుకొచ్చేస్తాం. పుట్టబోయే బిడ్డ కోసం ఇంట్లో పాత నేతచీరలతో ఒక బొంత కుడదామనుకున్నాను. కొత్త గుడ్డతో కుడదామంటే అదీ ఆవిడే ఒప్పుకోరు, బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు సిద్ధం చేయకూడదట. బాలసార దాకా పసివాళ్ళని పాత మెత్తటి గుడ్డల్లో పొదవడం మా ఇళ్ళల్లో ఉన్నదే కాబట్టి పాత చీరలకి అభ్యంతరం ఉండదనుకున్నా. ఆవిడ దృష్టిలో పాత చీరలంటే వేరే వాళ్ళవి.

సరే, చీరల సంగతి తర్వాత చూద్దాం, ముందు డిజైను తేలుద్దామని ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పొరపాటు. నక్షత్రాలు, తేనెపట్టు గళ్ళు, ఇటుకల వరసలు, రెక్కలు విచ్చిన పువ్వులు, ఒకదాన్ని మించి ఒకటి. మనకి అతుకుల బొంత అంటే సంకీర్ణ ప్రభుత్వాన్ని తిట్టే మాట. బయటి దేశాల్లో అదొక పెద్ద విద్య. నాలుగు రోజుల్లో ముప్పై బొమ్మలు దాచుకున్నాను. వాటిలో ఎనిమిది కొనల నక్షత్రం నాకు తెగ నచ్చింది. అత్తయ్యగారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“ఇది బిడ్డ కింద పరిచేదా, గోడకి తగిలించేదా?”

అడిగిన తీరు ఎలా ఉన్నా, లెక్క మాత్రం సరైనదే. రెండు ముక్కలు కలిపిన ప్రతిచోటా వెనక కుట్టు మడత నిలుస్తుంది. ముక్క ఎంత చిన్నదైతే మడతలు అన్ని ఎక్కువ. నక్షత్రం కొనలన్నీ నడిమధ్య కలిసే చోట పదహారు పొరల ముడి తయారవుతుంది, సరిగ్గా బిడ్డ వీపు ఆనే చోట. మా పిల్లల డాక్టరు చెప్పిన మాట కూడా ఇక్కడే గుర్తొచ్చింది: ఏడాది నిండేదాకా నిద్రపోయే పసివాళ్ళ మీద గానీ పక్కన గానీ వదులుగా ఉండే దుప్పట్లు, బొంతలు ఉంచకూడదు, ముఖం మీదికి వస్తే ఊపిరికి ప్రమాదం. కాబట్టి మాది కప్పుకునే బొంత కాదు. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉన్నప్పుడు, నేల మీద పరిచి బోర్లా పడుకోబెట్టే బొంత. ఈ ఒక్క సంగతి తేలేసరికి సగం డిజైన్లు వాటంతటవే పోయాయి. దూది నింపడం కూడా పోయింది. మన ఎండలకి దూది ఎందుకు, నాలుగు ఉతుకులకి ఓ మూలకి చేరి ఉండకట్టడానికి తప్ప.

అసలు డిజైను ఫోన్లో దొరకలేదు. హాల్లో గచ్చు మీద దొరికింది.

బొంత ఎంత ఉండాలో చూపిస్తానని అత్తయ్యగారు సుద్దముక్క తెమ్మన్నారు. మోచేతితో కొలిచి “రెండు మూరలు, పైన ఒక బెత్తెడు” అని నలుచదరంగా గీత గీశారు. టేపు పెట్టి చూస్తే నలభై అంగుళాలు. గీసిన చెయ్యి ఊరుకోదు కదా, మాట్లాడుతూనే లోపల అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు గీతలు లాగేశారు. ఇరవై అయిదు గళ్ళు. ఆ తర్వాత నాలుగు వైపులా మధ్య గడిలో ఒక్కో ఇంటూ, నట్టనడుమ ఒకటి. అష్టాచెమ్మా పటం! తెనాలి దగ్గర వాళ్ళ పుట్టింటి అరుగు మీద ఈ పటం బండరాతికే చెక్కి ఉండేదట. అరవై ఏళ్ళ కిందటి అలవాటు ఆ చెయ్యి మరిచిపోలేదు.

నేను వెంటనే లెక్క కట్టాను. నలభై అంగుళాలు, అయిదు గళ్ళు, గడికి ఎనిమిది అంగుళాలు. కుట్టుకి చుట్టూ అరంగుళం వదిలితే ముక్క తొమ్మిది అంగుళాలు కత్తిరించాలి. తొమ్మిది అంగుళాలంటే మనిషి జానెడు. నేతచీర పన్నా నలభై ఆరు అంగుళాలుంటే, రెండు అంచులూ తీసేయగా నికరంగా నలభై మిగులుతుంది. జానెడు వెడల్పు పట్టీ తీస్తే నాలుగు ముక్కలొస్తాయి. అంటే ఒక్కో చీర నుంచి తీసేది జానెడే.

“అదీ కొంగు వైపు కాదు అత్తయ్యగారూ, లోపల బొడ్డు దగ్గర దోపే కొస. కత్తిరించిన చోట పీకో చేయించి మళ్ళీ మీ బీరువాలో పెడతా. అయిదున్నర మీటర్ల చీరకి జానెడు తగ్గితే మీకే తెలీదు.”

ఆవిడ ఏం మాట్లాడలేదు. పొద్దున్నే లేచేసరికి నా మంచం మీద రెండు చీరలున్నాయి. ఇంతకీ, మొదట నేను ఇలా అడిగి ఉంటే వారం గొడవ తప్పేది.

ఆ రెంటిలో ఒకటి మంగళగిరి, చిలకపచ్చ. గుంట మగ్గం మీద దట్టంగా దిగిన నేత. ఇన్నేళ్ళ తర్వాత కూడా బొటనవేళ్ళతో లాగి చూస్తే కదల్లేదు. దాని జరీ అంచు మాత్రం బయటే వదిలేశాం, పసి చర్మానికి గీసుకుంటుందని. రెండోది వెంకటగిరి. వెలుతురుకి ఎత్తి పడితే అవతలి కిటికీ కనపడుతుంది, అంత సన్నం. అందమంతా దానిదే, చిక్కంతా దానితోనే. దట్టమైన నేత పక్కన సన్నటి నేత కుడితే ఉతికిన ప్రతిసారీ మొదటిది రెండోదాన్ని లాగుతుంది, కుట్టు పక్కనే చిరుగుతుంది. అందుకని వెంకటగిరి ముక్కలకి వెనక మల్‌మల్ వేసి, రెండు పొరలూ ఒకే ముక్కగా చేసుకుని వాడాం. పాత చీరలతో కుట్టేవాళ్ళు రంగు కన్నా ముందు ఈ బరువు చూసుకోవాలి. రంగులు కలవకపోయినా బొంత చిరగదు.

మూడోది మా అమ్మది. అమ్మ వాళ్ళు ఉండేది సింగ్ నగర్లో. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు చీరల పెట్టె మొత్తం నీళ్ళలో ఉంది. చాలా వరకు పారేశారు. నీలం గళ్ళ నేతచీర ఒకటి ఉడకబెట్టి ఉతికి దాచుకుంది. బురద మరక మాత్రం పోలేదు. మడతల్లో ఉండగా తడిసింది కాబట్టి చీర విప్పితే మూరెడుకొకటి చొప్పున అదే చార మళ్ళీ మళ్ళీ వస్తుంది. “వరద చీర పసిబిడ్డకెందుకు?” అని అత్తయ్యగారు. “ఉడకబెట్టా కదా వదినగారూ” అని అమ్మ ఫోన్లో. నేను మధ్యలో. చివరికి చారకీ చారకీ నడుమ పట్టుకుని నాలుగు ముక్కలు తీశాను. ఒకదాని మూలన టీ రంగు గీత సన్నగా వచ్చింది. దాన్ని కుట్టులోకి తొయ్యాలని చూశాను, కుదరలేదు.

నాలుగోది నా పసుపురంగు వాయిల్ చీర, దాని గురించి చెప్పడానికేం లేదు. అయిదోది అమ్మాయి కాలేజీ రోజుల చున్నీ.

ఆరోది వియ్యపురాలిది. ఇదీ అసలు కష్టం. గుంటూరులో ఉంటారు, మంచి మనిషి. కానీ వియ్యపురాలిని కట్టి విడిచిన చీర ఇమ్మని ఏ నోటితో అడుగుతాం? “వదినగారూ, మీ చీర ఒకటి కావాలండీ, బొంతలోకి” అన్నాను. రెండో రోజుకే మనిషితో పంపారు: కవరు కూడా విప్పని పట్టుచీర! పక్కనే పండ్లు, పసుపు కుంకుమ. అది చూసి మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళారు. దాన్ని కత్తిరించలేం, తిప్పి పంపలేం. అమ్మాయే వాళ్ళత్తగారికి ఫోన్ చేసింది. “అత్తయ్యా, మీరు వంట చేసేప్పుడు కట్టుకునే ఇటుకరంగు చీర ఉంది చూడండి, అది. చేతులు తుడుచుకుని తుడుచుకుని మెత్తబడిందే, అదే కావాలి.” ఆవిడ సిగ్గుపడుతూనే ఇచ్చారట. ముట్టుకుంటే ఆరింటిలోకీ మెత్తన అదే.

ఆరు నాళ్ళు ఇరవై నాలుగు. ఇంకొక్కటి తక్కువ. దాన్ని తర్వాత చూద్దాంలే అనుకున్నాం.

అడుగున వేసే గుడ్డ మాత్రం కొనక తప్పదు, దానికి మినహాయింపు ఇచ్చారు. పెడన కలంకారీ వేయాలని నా కోరిక. అచ్చులతో అద్దినది, ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి తీసే ఆ నలుపు, చంద్రకావి లాంటి ఎరుపు నాకు ప్రాణం. కొంగు తడిపి తెల్ల గుడ్డ మీద రుద్దితే కొద్దిగా రంగు దిగింది. మనం కట్టుకునేదైతే రెండు ఉతుకుల్లో సర్దుకుంటుంది. ఈ బిడ్డ మూడో నెలకి గుడ్డ నోట్లో పెట్టుకుంటుంది. వదులుకున్నాను. ఉప్పు వేసి నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెప్పారు. మరో ఎర్రగుడ్డ మీద చేసి చూశాను, ఉప్పునీళ్ళు ఎర్రబడ్డాయి, అంతే.

వన్ టౌన్లో ఒక కొట్లో “ప్యూర్ కాటన్ మేడమ్” అని తెల్ల గుడ్డ రెండు మీటర్లు అంటగట్టారు. ఇంటికొచ్చి పోగు తీసి అగ్గిపుల్ల పెట్టాను. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగలాలి. ఇది ముడుచుకుని, కరిగి, గట్టి నల్ల పూసై కూర్చుంది. ఈ పరీక్ష కొట్లోనే చేసుండాల్సింది. రెండోసారి వెళ్ళినప్పుడు చేశాను కూడా, వస్త్రలతలో నాలుగు దుకాణాలు తిరిగి. ఒక పెద్దాయన నా అగ్గిపెట్టె చూసి ఏమీ అనుకోకుండా తనే పోగు తీసిచ్చాడు. ఆయన దగ్గరే కొన్నాను. ఆ గుడ్డని కూడా గంజి పోయేదాకా రెండుసార్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టాం. ఉతక్కుండా కుడితే కొత్త గుడ్డ తర్వాత కుదించుకుపోతుంది, పాత చీరలు కుదించుకోవు, బొంతంతా ముడతలు పడుతుంది.

ముక్కలు నేల మీద పేర్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఎటూ రంగులు కుదరక విసుగొచ్చిన వేళ అత్తయ్యగారు అన్నారు, “నాలుగిళ్ళు నలుగురికీ పెట్టు.” అష్టాచెమ్మాలో ఒక్కొక్కరికీ ఒక్కో ఇల్లు ఉంటుంది కదా, ఇంటూ గీసిన గడి. కాయ అక్కడుంటే ఎవరూ చంపలేరు. ఒక ఇల్లు ఆవిడ మంగళగిరికి, ఎదురుగా మా అమ్మ నీలం గళ్ళు, మిగతా రెండూ వదినగారి ఇటుకరంగు, నా పసుపు. అప్పటిదాకా ఎటు జరిపినా కుదరని రంగులు ఆ నాలుగూ కూర్చోగానే కుదిరాయి.

నడి గడి ఖాళీ. పండు పండే గడి. దానికి తగిన గుడ్డ ఎవరి బీరువాలోనూ దొరకలేదు. పది రోజులుగా పేపరు చాటునుంచి వ్యాఖ్యానం చేస్తున్న మా ఆయన లేచి వెళ్ళి తన గళ్ళ లుంగీ తెచ్చి పడేశారు. “మగవాళ్ళది ఒక్కటైనా ఉండాలి కదా.” “గంతకు తగ్గ బొంత” అన్నారు వాళ్ళమ్మ. అది లుంగీని అన్నారో, మా ఇద్దరినీ అన్నారో అడగలేదు.

ముక్కలు మిషను మీద కలిపాను. మధ్యలో వేయడానికి అత్తయ్యగారి తెల్ల చీర ఒకటి అయిదు మడతలు అనుకుని, సూది దిగక మూడుకి తగ్గించాం. ఇక చేతి కుట్టు. వీడియోల్లో మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి వెళ్ళమంటారు, గుడ్డ బయటికి జరిగి సాపుగా వస్తుందని. అత్తయ్యగారు అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి రావాలంటారు, వాళ్ళమ్మ అలాగే కుట్టిందట. ఆవిడ మాటే నెగ్గింది. పన్నెండు చుట్లు అయ్యాక చూస్తే నడిమధ్య పూరీలా పొంగింది. వీడియో వాళ్ళు చెప్పింది నిజమే. ఆరు చుట్లు విప్పాం. ఈసారి బొంతని నేలకి సాపుగా పరిచి, మూలలకి బియ్యం డబ్బాలు బరువు పెట్టి, మధ్య నుంచి అన్ని వైపులకీ బెత్తెడుకో వరస కచ్చా కుట్టు వేసి బిగించాక మళ్ళీ అంచు నుంచే మొదలుపెట్టాం. పొంగు రాలేదు. బయటి చుట్టు తిరిగి, లోపలి చుట్టు తిరిగి, నడిగడికి చేరడం. కాయ నడిచే దారే అది. ఆ సంగతి నాకు లుంగీ గడి దగ్గరికొచ్చాక గానీ తట్టలేదు.

ఇంటూలకి ముందు ఎర్రదారం కొన్నా. తడిపి తెల్ల రుమాల్లో నొక్కితే గులాబీ మరక. ముదురు నీలం తెచ్చి వేశాను.

అమ్మాయి వచ్చిన రోజు బొంత హాల్లో పరిచి ఉంది. నడుం వాల్చుతుందనుకున్నాం. కష్టపడి కింద కూర్చుని, అటూ ఇటూ తడిమి, “నానమ్మా, గవ్వలెక్కడ?” అంది. అత్తయ్యగారు మంగళగిరి గడి వైపు, అమ్మాయి పసుపు గడి వైపు, కాయలకి చింతపిక్కలు, నాలుగు తాటాకు ముక్కలు. గవ్వలు వేశారు. మొదటి పందేనికే నాలుగూ బోర్లా పడ్డాయి అత్తయ్యగారికి. అష్టా.