ఆంద్రాషి వీధి, 60వ నంబరు భవనం

సోషలిస్టు పాలన ముగిశాక గతాన్ని ఎలా చెప్పుకోవాలన్న ప్రశ్నకు హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో రెండు రకాల సమాధానాలు కనిపిస్తాయి. లెనిన్, మార్క్స్, హంగేరీ కమ్యూనిస్టు నాయకుడు బేలా కున్ విగ్రహాలను పగలగొట్టకుండా ఊరి చివరకు చేర్చి 1993లో తెరిచిన మెమెంటో పార్కు ఒకటి. 2002 ఫిబ్రవరిలో, ఎన్నికలకు కొద్ది వారాల ముందు, ప్రధానిగా విక్టర్ ఓర్బాన్ తొలి ప్రభుత్వం ఆంద్రాషి వీధిలోని 60వ నంబరు భవనంలో ప్రారంభించిన ‘హౌస్ ఆఫ్ టెర్రర్’ మ్యూజియం మరొకటి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ రెండవదే.

భవనం ఎంపికను తప్పుపట్టలేం. హంగేరీ నాజీలైన యారో క్రాస్ పార్టీ కార్యాలయం అక్కడే ఉండేది. 1945 నుంచి కమ్యూనిస్టు రాజకీయ పోలీసులు అదే కప్పు కింద మనుషులను హింసించారు. లోపలి ముంగిట్లో సోవియట్ ట్యాంకు, దాని వెనుక గోడ నిండా బాధితుల ముఖాలు కనిపిస్తాయి. నేలమాళిగకు దిగే గాజు లిఫ్టు చాలా నెమ్మదిగా కదులుతుంది. దిగుతున్నంతసేపూ తెరమీద ఒక మనిషి ఉరిశిక్ష ఎలా అమలుచేసేవారో వివరిస్తూనే ఉంటాడు. కింద జైలు గదులు ఉంటాయి. అవి తరువాత పునర్నిర్మించినవేనని తెలిసినా గొంతు పూడుకుపోతుంది.

ఇంతగా కదిలించే ప్రదర్శన ఏ తేదీతో మొదలైతే, చూసేవారి మనసులో చరిత్ర కూడా ఆ తేదీతోనే మొదలవుతుంది. ఇక్కడి కథనం ‘జంట ఆక్రమణ’తో, అంటే ముందు జర్మన్లు, తరువాత సోవియట్లు దేశాన్ని చెరబట్టారన్న మాటతో మొదలవుతుంది. కానీ విశ్వవిద్యాలయాల్లో యూదుల ప్రవేశాలకు కోత పెట్టిన చట్టం 1920 నాటిది. 1938 నుంచి వరుసగా వచ్చిన యూదు వ్యతిరేక చట్టాలన్నీ హంగేరీ పార్లమెంటు ఆమోదించినవే. 1944 మే నుంచి జులై వరకు 4,30,000 మందికి పైగా యూదులను, అత్యధికులను నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్‌కు, రైళ్లలో తరలించినప్పుడు దేశాధినేత స్థానంలో ఉన్నది హంగేరీ పాలకుడు హోర్తీయే. వారిని పోగుచేసి రైలెక్కించింది హంగేరీ సాయుధ పోలీసులే. యారో క్రాస్ గద్దెనెక్కింది ఆ తరువాత, అక్టోబరులో.

కమ్యూనిస్టు బాధితుల కుటుంబాలు దశాబ్దాల పాటు నోరు విప్పలేకపోయాయి కాబట్టి, వారికి అత్యధిక గదులు కేటాయించడం నాకు అర్థమవుతుంది. వారి దుఃఖాన్ని తగ్గించి చెప్పమని ఎవరూ కోరరు. అయితే నేరమంతా బయటివారి ఖాతాలోకి, వారి తొత్తులైన కొందరి ఖాతాలోకి వెళ్లిపోతే, ఇష్టపూర్వకంగా సంతకాలు పెట్టిన మంత్రులూ అధికారులూ కథలోంచి తప్పుకుంటారు. 2004లో పావా వీధిలో హోలోకాస్ట్ (నాజీల కాలపు యూదుల సామూహిక హత్యాకాండ) స్మారక కేంద్రం విడిగా తెరుచుకున్నా ఆ లోటు తీరలేదు, ఎందుకంటే ఒక భవనం చూసినవారు రెండవదానికి వెళ్తారన్న హామీ లేదు. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో, సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ పాత భవనంలో 1992లో వెలసిన మ్యూజియం కూడా హోలోకాస్ట్‌కు ఒక చిన్న గది కేటాయించడానికి 2011 దాకా ఆగింది. ఆంద్రాషి వీధిలో ‘జంట ఆక్రమణ’ గదికి ముందు ఇంకొక గది ఉండాలి, అందులో ఆ చట్టాల ప్రతులు సంతకాలతో సహా కనిపించాలి.